బడి బడ్జెట్ మీద కోపం ఆగస్టులో వస్తే లాభం లేదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో వీసా గోలలు పక్కనపెడితే మిగతావన్నీ ఒకటే పాట, ఇంటి పన్ను, అందులో స్కూల్ వాటా. అమెరికాలో మనవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు ముందు చూసేది స్కూల్ రేటింగే, కొన్న ఐదేళ్ళకి తిట్టుకునేదీ ఆ స్కూల్ పన్నే. నేను పాతికేళ్ళు అకౌంట్స్ పని చేసి, మా ఊరి స్కూల్ బోర్డు మీటింగుల్లో వెనక వరసలో కూర్చుని కూర్చుని నడుం పట్టేసినవాణ్ణి కాబట్టి ఎడిటర్ గారు వీటన్నిటినీ తెచ్చి నా నెత్తిన పెట్టారు. మా ఊరి పేరు మాత్రం చెప్పను, నేనింకా అక్కడే బతకాలి.

ప్రశ్న: అన్నా నమస్తే. న్యూజెర్సీలో పదకొండేళ్ళుగా ఉంటున్నాం, సొంతిల్లు. ఆగస్టు ట్యాక్స్ బిల్లు చూసి గుండె ఆగినంత పనైంది. మా వీధిలో ఆరేడు ఇళ్ళవాళ్ళం కలిసి స్కూల్ బడ్జెట్ తగ్గించమని బోర్డుని గట్టిగా అడుగుదాం అనుకుంటున్నాం. మా ఆవిడేమో "మన పిల్లలు చదివే స్కూల్‌కే డబ్బులు తగ్గించమని మీరే వెళ్ళి అడుగుతారా, నలుగురూ ఏమనుకుంటారు" అని రోజూ గొడవ. మేం చేసేది తప్పా? అసలు ఎలా మొదలుపెట్టాలి? (ఒక పాఠకుడు, న్యూజెర్సీ)

జవాబు: తమ్ముడూ, తప్పేం కాదు, మరదలు గారి భయమూ తప్పు కాదు. ఇద్దరికీ పనికొచ్చే సంగతి ఏంటంటే, మీకు కోపం వచ్చిన నెల తప్పు.

న్యూజెర్సీలో పన్ను నాలుగు విడతలు, ఫిబ్రవరి 1, మే 1, ఆగస్టు 1, నవంబర్ 1. మొదటి రెండూ పోయినేడాది లెక్క పట్టుకుని సుమారుగా వేసేస్తారు, కొత్త రేటు తేలేది వేసవిలో, అప్పుడు ఏడాది మొత్తానికి పెరిగిందంతా చివరి రెండు బిల్లుల మీద పడుతుంది, అందుకే ఆగస్టు బిల్లు అంత లావుగా కనిపిస్తుంది. స్కూల్ బడ్జెట్ ఏడాదేమో జూలై 1నే మొదలైపోయింది. మీరు కవరు చింపే టైమ్‌కి ఆ డబ్బు ప్రతి డాలరుకీ ఒక పేరు రాసేసి ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

అసలు పని శీతాకాలంలో జరుగుతుంది. డిసెంబర్, జనవరిల్లో ప్రిన్సిపాళ్ళు తమకేం కావాలో రాసిస్తారు. ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో గవర్నర్ బడ్జెట్ ప్రసంగం, అది అయిన రెండు రోజుల్లో ఏ ఊరికి స్టేట్ ఎయిడ్ (స్కూళ్ళకి రాష్ట్రమిచ్చే డబ్బు) ఎంతో అంకెలు బయటికొస్తాయి. మార్చిలో బోర్డు ముసాయిదా బడ్జెట్ పాస్ చేసి కౌంటీ సూపరింటెండెంట్‌కి పంపుతుంది. ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో పబ్లిక్ హియరింగ్. జనం వచ్చేది ఈ చివరి దానికి, అక్కడ మారేది దాదాపు ఏమీ ఉండదు, పెళ్ళి పీటల మీద కూర్చున్నాక సంబంధం గురించి వాకబు చేసినట్టు.

ఇంకోటి, న్యూజెర్సీలో ఒకప్పుడు ఏప్రిల్‌లో జనమే బడ్జెట్ మీద ఓటేసేవాళ్ళు. 2010లో స్టేట్ ఎయిడ్ బాగా కోసిన ఏడాది సగానికి పైగా బడ్జెట్లు ఓడిపోయాయి. తర్వాత పన్ను వసూలు ఏడాదికి 2 శాతం మించి పెంచకూడదనే క్యాప్ చట్టం వచ్చింది, 2012 నుంచి స్కూల్ ఎలక్షన్‌ని నవంబర్‌కి మార్చుకోవచ్చన్నారు, అలా మార్చుకున్న ఊళ్ళలో క్యాప్ లోపల ఉన్నంతకాలం బడ్జెట్ మీద ఓటే లేదు. దాదాపు అన్ని ఊళ్ళూ మార్చేసుకున్నాయి. కాబట్టి మీకు ఓటు ఉన్నది బోర్డు మెంబర్ల మీదే, అంకెల మీద కాదు. ఇది చాలామందికి తెలీదు, "ఓటేసి పడగొడదాం" అని వాట్సాప్‌లో ఊగిపోతుంటారు, దేని మీద ఓటేస్తారో నాకు అర్థం కాదు.

ఇప్పుడు మీ బిల్లు తీసుకోండి. అందులో కౌంటీ, మున్సిపాలిటీ, లైబ్రరీ, ఓపెన్ స్పేస్, స్కూల్ అని విడివిడి లైన్లు ఉంటాయి. స్టేట్ మొత్తం మీద 2024లో సగటు బిల్లు 10,000 డాలర్లు దాటింది, అందులో సగం పైచిలుకు స్కూళ్ళదే. మీ బిల్లు 12,000 అనుకుందాం, స్కూల్ లైన్ 6,000. 2 శాతం పెరిగితే 120 డాలర్లు. మరి మీ బిల్లు ఏడాదిలో 900 పెరిగిందంటే అదంతా స్కూల్ బోర్డు పాపం కాదు. ఊళ్ళో ఇళ్ళ విలువలన్నీ మళ్ళీ లెక్కగట్టే రీవాల్యుయేషన్ జరిగి మీ ఇంటి విలువ పక్కవాళ్ళకంటే ఎక్కువ పెరిగి ఉండొచ్చు, క్యాప్ అనేది ఊరంతా కలిపి వసూలు చేసే మొత్తం మీద గానీ మీ ఒక్క ఇంటి మీద కాదు. దానికి తోడు హెల్త్ ఇన్సూరెన్స్ ఖర్చుకి, పిల్లల సంఖ్య పెరిగినందుకు క్యాప్ దాటి కొంత వసూలు చేసుకునే వెసులుబాటు ఉంది, వాడుకోకుండా మిగిల్చిన క్యాప్‌ని దాచుకుని మూడేళ్ళలోపు తీసుకోవచ్చు. ముందు ఇది తేల్చుకుని వెళ్ళండి, లేకపోతే స్కూళ్ళ జమాఖర్చులు చూసే బిజినెస్ అడ్మినిస్ట్రేటర్ ఒక్క వాక్యంలో మిమ్మల్ని కూర్చోబెట్టేస్తాడు.

సరే, డబ్బు ఎటు పోతోంది. స్కూల్ రోజువారీ ఖర్చులో ఇంచుమించు 80 శాతం మనుషులకే, జీతాలు, వాళ్ళ హెల్త్ ఇన్సూరెన్స్, మిగతా బెనిఫిట్లు. చిన్న లెక్క వేద్దాం. పది కోట్ల డాలర్ల బడ్జెట్, అందులో 8 కోట్లు మనుషుల ఖర్చు. అది ఏడాదికి 4 శాతం పెరిగితే 32 లక్షలు. పన్ను ద్వారా వచ్చేది 7.5 కోట్లు అనుకుంటే, 2 శాతం అంటే 15 లక్షలు. స్టేట్ ఎయిడ్ పెరగకపోతే ఎవరూ కొత్తగా ఒక్క పెన్సిల్ కొనకుండానే 17 లక్షల లోటు. ఇన్సూరెన్స్ ప్రీమియం రెండంకెల శాతం పెరిగిన ఏడాదైతే చెప్పక్కర్లేదు. ఇది ఎవరో దుబారా చేస్తే వచ్చిన లోటు కాదు, కూర్చున్న చోటే పుట్టే లోటు.

అందుకే పొదుపు కావాలనేవాళ్ళు మేలో కాదు, టీచర్ల కాంట్రాక్ట్ కుదిరే ఏడాది కుర్చీల్లో ఉండాలి. మామూలుగా మూడేళ్ళకోసారి యూనియన్‌తో కాంట్రాక్ట్ రాసుకుంటారు, అందులో శాలరీ గైడ్ అని మెట్లమెట్లుగా ఒక పట్టిక, సర్వీసు ఒక ఏడాది పెరిగితే ఒక మెట్టు పైకి, మాస్టర్స్ చేస్తే పక్క గడిలోకి. రాబోయే మూడు బడ్జెట్లలో సింహభాగం ఆ ఒక్క రాత్రి పాస్ అయిపోతుంది. మా ఊళ్ళో అది పాసైన రాత్రి హాల్లో నాతో కలిపి నలుగురం ఉన్నాం, వాళ్ళలో ఒకాయన వాళ్ళమ్మాయికి అవార్డు ఇస్తున్నారని వచ్చి ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు. అదే బోర్డు మే నెల హియరింగ్‌కి రెండొందల మంది వచ్చి నిలబడటానికి చోటు లేక మీటింగ్‌ని ఆడిటోరియంలోకి మార్చారు. టీచర్లకి జీతం పెంచొద్దని కాదు నేననేది, పెంచాలి, పక్క ఊరికంటే తక్కువిస్తే మంచివాళ్ళు వెళ్ళిపోతారు. బేరసారాలు మూసిన తలుపుల వెనకే జరుగుతాయి, కానీ మొదలయ్యే ముందు "పెరుగుదల ఎంతలో ఉంటే ప్రోగ్రాములు కోయకుండా నెట్టుకురాగలం, ఆ అంకె మాకు చెప్పండి" అని బోర్డుని బహిరంగంగా అడగొచ్చు. అడిగినవాణ్ణి నేనింతవరకు ఒక్కణ్ణే చూశాను, అది అద్దంలో.

నేనూ మీలాగే మొదలుపెట్టాను లెండి. మొదటి ఏడు ఏప్రిల్ చివర్లో రెండు పేజీలు రాసుకెళ్ళి ఊగిపోయాను, మూడు నిమిషాలకి ఎర్ర లైటు వెలిగింది, "థాంక్యూ సర్, నెక్స్ట్" అన్నారు, అంతే. మరుసటేడు అరవకుండా, నెలనెలా మీటింగ్ ఎజెండా వెనకాల అంటించే చెల్లింపుల లిస్టు చదవడం మొదలుపెట్టాను. ఎవరికి ఎంత చెక్కు రాశారో లైను లైనుగా ఉంటుంది, పొడుగ్గా, చదువుతుంటే నిద్రొస్తుంది. మూడు నెలలు చదివాక కనపడింది, స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లల్ని ఊరి బయట ఒకే స్కూల్‌కి తీసుకెళ్ళడానికి రెండు వేరు వేరు కంపెనీలకి రెండు వ్యాన్ల డబ్బు వెళ్తోంది, ఒక్కో వ్యాన్‌లో ఒక్కో బాబు. జనవరి మీటింగ్‌లో అడిగాను, పిల్లల ప్రయాణం టైమ్ పెరగకుండా, పక్క ఊరు కూడా అక్కడికే పంపుతోందేమో కనుక్కుని కలిపి నడపొచ్చా అని. బిజినెస్ అడ్మినిస్ట్రేటర్ ఆవిడ పెన్ను తీసి రాసుకుంది. ఎదుటివాళ్ళు పెన్ను తీయడం నేను అక్కడ చూసింది అదే మొదలు. సెప్టెంబర్ కల్లా రూట్ కలిసింది. మిగిలింది ఎంత అంటే, బడ్జెట్ మొత్తంలో కంటికి ఆనదు, కానీ తీసేస్తామన్న రీడింగ్ టీచర్ సగం జీతం. ఆవిడ ఇంకా అక్కడే పని చేస్తోంది.

ఒక్క జాగ్రత్త చెప్తాను. స్పెషల్ ఎడ్యుకేషన్ ఖర్చు చూసి "ఇంతా?" అని మైక్‌లో అనకండి. అది 1975 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఆ పిల్లల హక్కు, బోర్డు తగ్గిస్తానన్నా కుదరదు. అప్పట్లో అదనపు ఖర్చులో 40 శాతం దాకా మేమిస్తాం అన్న వాషింగ్టన్ ఇప్పటిదాకా ఏ ఏడాదీ అంత ఇవ్వలేదు, కోపం ఉంటే అటు చూపించండి. హాల్లో ఆ పిల్లాడి అమ్మ కూర్చుని ఉంటుంది.

మరదలు గారికి కూడా చెప్పండి, మీరు వెళ్ళేది స్కూల్ మీద యుద్ధానికి కాదు, పద్దు చూడటానికని. వీలైతే ఆవిడనే తీసుకెళ్ళండి, ఇంటి పద్దు ఎవరు చూస్తారో నాకు తెలుసులెండి.

ప్రశ్న: నేను హెచ్1బి మీద ఉన్నాను, ఇల్లు కొన్నాం, పన్ను కడుతున్నాం, ఓటు లేదు. మీటింగ్‌కి వెళ్ళి మాట్లాడితే వీసాకి ఏమైనా ఇబ్బందా? (పేరు వద్దన్న పాఠకుడు)

జవాబు: ఊళ్ళో ఉంటూ పన్ను కట్టేవాళ్ళు పబ్లిక్ కామెంట్‌లో నిలబడి పద్ధతిగా మాట్లాడటం మామూలు విషయం, మా ఊళ్ళో గ్రీన్‌కార్డు లేనివాళ్ళు బోలెడుమంది మాట్లాడారు, అక్కడ ఎవరూ వీసా అడగరు, పేరూ ఏ ఊరో చెప్పమంటారు అంతే. ఓటు మాత్రం సిటిజన్లకే, పొరపాటున కూడా రిజిస్టర్ అవ్వకండి, డీఎంవీలో ఎవరో ఫారం ఇచ్చారు కదా అని సంతకం పెడితే అది తర్వాత మెడకి చుట్టుకుంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2016లో ఓటర్లు ఒప్పుకున్నారు కాబట్టి సిటిజన్లు కాని తల్లిదండ్రులు కూడా స్కూల్ బోర్డుకి ఓటెయ్యొచ్చు, అలాంటి ఊళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అక్కడ కూడా ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ముందుకెళ్ళొద్దు.

ప్రశ్న: మా ఊరి స్కూళ్ళన్నిటికీ పెద్ద అయిన సూపరింటెండెంట్ జీతం చూస్తే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. గవర్నర్ కంటే ఎక్కువంట! ముందు అది కోస్తే చాలదా? (ఒక పాఠకురాలు, న్యూజెర్సీ)

జవాబు: అమ్మా, ఇది చేసి చూశారు. 2011లో అప్పటి గవర్నర్ క్రిస్ క్రిస్టీ సూపరింటెండెంట్ జీతానికి పరిమితి పెట్టారు, చాలా ఊళ్ళకి పైఅంచు 175,000, అంటే అప్పట్లో గవర్నర్ జీతమంత. ఏమైంది, అనుభవం ఉన్నవాళ్ళు కొంతమంది రిటైర్ అయిపోయారు, కొంతమంది న్యూయార్క్, పెన్సిల్వేనియాకి వెళ్ళిపోయారు, కొన్ని ఊళ్ళలో ఏడాదికో తాత్కాలిక సూపరింటెండెంట్. 2017లో పరిమితి కొంచెం పెంచారు, 2019లో పూర్తిగా ఎత్తేశారు.

లెక్క కూడా చూడండి. 5,000 మంది పిల్లలున్న ఊళ్ళో ఆయన జీతం రెండున్నర లక్షలైతే పిల్లాడికి 50 డాలర్లు పడుతుంది. మొత్తం తీసేసి ఆయన్ని ఫ్రీగా పని చేయించుకున్నా మీ ఇంటి బిల్లులో తేడా ఒక పూట హోటల్ భోజనం. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఉంటుంది. నన్నడిగితే ఆయన ఒక్కడి జీతం కంటే ఆయన కింద ఎంతమంది అసిస్టెంట్ సూపరింటెండెంట్లు, డైరెక్టర్లు, సూపర్‌వైజర్లు ఉన్నారు, ఐదేళ్ళ కింద ఎంతమంది, ఆ ఐదేళ్ళలో పిల్లలు పెరిగారా తగ్గారా అని అడగండి. పిల్లలు తగ్గి సూపర్‌వైజర్లు పెరిగిన ఊరైతే అక్కడ నిజంగా మాట్లాడాల్సింది ఉంది. న్యూజెర్సీ విద్యాశాఖ ఏటా ట్యాక్స్‌పేయర్స్ గైడ్ అని పెడుతుంది, మీ ఊరి సైజే ఉన్న ఊళ్ళతో అడ్మినిస్ట్రేషన్ ఖర్చు పిల్లాడికి ఎంతో పక్కపక్కన చూసుకోవచ్చు. అందులో దొరకనిది రికార్డుల చట్టం కింద రాసి అడగండి, దాన్ని పొట్టిగా ఓప్రా అంటారు (టీవీలో ఆవిడ కాదు), ఏడు పనిదినాల్లో జవాబివ్వాలి.

ప్రశ్న: నాది అటువైపు గోడు అండీ. మా ఊళ్ళో రిటైరైన పెద్దలంతా గ్రూపు కట్టి పన్ను పెంచొద్దు పెంచొద్దు అని పట్టుబట్టారు, చివరికి మా పాప బస్సు తీసేశారు, నాలుగో క్లాసు మ్యూజిక్ తీసేశారు. వాళ్ళ పిల్లలు చదువుకున్నప్పుడు ఎవరు కట్టారు? ఒళ్ళు మండుతోంది. (ఒక తల్లి, న్యూజెర్సీ)

జవాబు: మండాల్సిందే తల్లీ. కానీ ఆ పెద్దల ఇంట్లోకి ఒకసారి తొంగిచూడండి, ఇల్లు ముప్పై ఏళ్ళ కింద కొన్నారు, అప్పు ఎప్పుడో తీరిపోయింది, వచ్చేది సోషల్ సెక్యూరిటీ, కట్టేది నెలకి వెయ్యి డాలర్ల పన్ను. సొంతింట్లో అద్దెకున్నట్టు. వాళ్ళకి సీనియర్ ఫ్రీజ్, యాంకర్, స్టే ఎన్‌జే అని స్టేట్ నుంచి తిరిగొచ్చే డబ్బులున్నాయి, 65 దాటినవాళ్ళు మూడిటికీ కలిపి ఒకే అప్లికేషన్ పెట్టొచ్చు, చాలామంది పెట్టరు. మీరు పోట్లాడే బదులు ఒక శనివారం లైబ్రరీలో టేబుల్ వేసుకుని ఆ ఫారాలు నింపిపెట్టండి, సగం గ్రూపు చల్లబడుతుంది. వెటకారం కాదు, ఒక ఊళ్ళో మన ఆడవాళ్ళే చేశారు, ఫారంతోపాటు టీ కూడా ఇచ్చారట.

బస్సు సంగతి. ఎనిమిదో క్లాసు దాకా స్కూల్ 2 మైళ్ళకి పైన, హైస్కూల్ అయితే 2.5 మైళ్ళకి పైన ఉంటేనే బస్సు ఇవ్వడం బోర్డుకి తప్పనిసరి. లోపల ఉన్నవాళ్ళకిచ్చేది కర్టసీ బస్సింగ్, పేరులోనే ఉంది, మర్యాద కొద్దీ ఇస్తున్నారు అని. డబ్బు బిగుసుకున్నప్పుడు ముందు ఎగిరేది మర్యాదే కదా. నడిచే దారిలో ఫుట్‌పాత్ లేకపోతేనో, హైవే దాటాల్సొస్తేనో ప్రమాదకరమైన దారి కింద పెట్టమని బోర్డునీ టౌన్‌షిప్‌నీ కలిపి అడగండి. డబ్బు కట్టి ఎక్కే పద్ధతి కొన్ని ఊళ్ళలో ఉంది, అది కూడా అడగొచ్చు.

మ్యూజిక్ పోయింది పెద్దల వల్లేనా అన్నది నాకు అనుమానమే. కోవిడ్ టైమ్‌లో మూడు విడతలుగా దేశం మొత్తం స్కూళ్ళకి సుమారు 190 బిలియన్ డాలర్ల ఫెడరల్ సాయం వచ్చింది, ఆఖరి విడతకి 2024 సెప్టెంబర్ 30 గడువు. ఒకసారి వచ్చే డబ్బుతో ఏళ్ళ తరబడి ఉండే ఉద్యోగాలు వేసిన బోర్డులు చాలా ఉన్నాయి, కౌన్సెలర్లు, ఇంటర్వెన్షన్ టీచర్లు, మంచి ఉద్దేశంతోనే వేశారు, డబ్బు అయిపోయాక వాళ్ళు రెగ్యులర్ బడ్జెట్ మీద వాలారు, అప్పుడు మ్యూజిక్ మీద చెయ్యి పడింది. దానికితోడు 2018లో వచ్చిన ఎస్2 చట్టం స్టేట్ ఎయిడ్‌ని తిరగ పంచింది, టామ్స్ రివర్, జెర్సీ సిటీ లాంటి చోట్ల ఏటా కోత పడింది. 2021లో "ఈ పోస్టుకి 2025లో జీతం ఎక్కణ్ణుంచి ఇస్తారు" అని అడిగిన పిసినారి పెద్దాయన ఒకడు మీ ఊళ్ళో ఉండుంటే మీ పాప వయొలిన్ ఇప్పటికీ మోగుతుండేదేమో. ఆ పెద్దలూ మీరూ ఒకే పక్క కూర్చోవాల్సినవాళ్ళని నాకనిపిస్తోంది, వచ్చే జనవరిలో "2021 తర్వాత కొత్తగా వేసిన పోస్టుల లిస్టు ఇవ్వండి" అని ఇద్దరూ కలిసి అడగండి.

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. ఒకపక్క టీచర్లకి జీతాలకి డబ్బుల్లేవంటారు, ఇంకోపక్క ఫుట్‌బాల్ స్టేడియాలు కడతారు. పైగా మా స్కూల్ డబ్బు వేరే ఊళ్ళకి పోతుందట. ఏం న్యాయం ఇది? (ఒక పాఠకుడు, టెక్సస్)

జవాబు: రెండు వేరే జేబులు బాబూ. టెక్సస్ స్కూల్ పన్నులో ఒకటి రోజువారీ నడపడానికి, ఎం అండ్ ఓ అంటారు, జీతాలు అందులోంచే. రెండోది బాండ్ల అప్పు తీర్చడానికి, ఐ అండ్ ఎస్. స్టేడియం రెండో జేబులోంచి, చట్టప్రకారం ఆ డబ్బు తీసి టీచర్‌కి జీతం ఇవ్వలేరు. మీ దగ్గర్లో ఆలెన్ ఉంది కదా, 2009లో అక్కడి ఓటర్లే 119 మిలియన్ల బాండుకి సరే అన్నారు, అందులో 60 మిలియన్లు 18,000 సీట్ల హైస్కూల్ స్టేడియంకి, 2012లో తెరిచారు, 2014లో కాంక్రీటు పగుళ్ళొచ్చి మూసేశారు, 2015లో మళ్ళీ తెరిచారు. ఎవరూ దొంగచాటుగా కట్టలేదు, ఓటేసి కట్టుకున్నారు, ఓటెయ్యనివాళ్ళూ కట్టారు. 2019 నుంచి స్కూల్ బాండు బ్యాలెట్ మీద "ఇది ప్రాపర్టీ ట్యాక్స్ పెంపు" అని పెద్దక్షరాల్లో రాయాలని చట్టం. కాబట్టి టెక్సస్‌లో పొదుపు కోరేవాళ్ళకి ఆయుధం బ్యాలెటే, న్యూజెర్సీలా కాదు, వాడుకోండి, కానీ కారిపోతున్న రూఫు రిపేరునీ స్టేడియాన్నీ ఒకే గాటన కట్టి రెండిటికీ నో కొట్టకండి. వేరు వేరు ప్రపొజిషన్లుగా వస్తాయి, చదివి వేరుగా ఓటెయ్యండి.

డబ్బు వేరే ఊళ్ళకి పోవడం అంటే రీకాప్చర్, రాబిన్‌హుడ్ అని ముద్దుపేరు, 1993 నుంచి ఉంది. పేద ఊళ్ళ పిల్లలు కోర్టుకెళ్తే 1989లో టెక్సస్ సుప్రీంకోర్టు పాత పద్ధతి చెల్లదంది, దాన్నుంచి పుట్టింది. ఇళ్ళ విలువ పెరిగి మీరు ఎక్కువ కట్టినా మీ స్కూల్‌కి అంతా మిగలదు అన్నది నిజం, దీనికి మీ లోకల్ బోర్డుని తిట్టి లాభం లేదు, రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో అడగాల్సిందే. ఈలోపు హోమ్‌స్టెడ్ మినహాయింపు పెట్టారా లేదా చూసుకోండి. స్కూల్ పన్నుకి ఇంటి విలువలోంచి 140,000 తీసేస్తారు, 2023లో లక్షకి, 2025 నవంబర్‌లో ఇంతకి పెరిగింది. అద్దెకిచ్చిన ఇంటికి రాదు, మీరుండే ఇంటికే. మనవాళ్ళలో ఇల్లు కొని నాలుగేళ్ళైనా ఫారం పెట్టనివాళ్ళని చూశాను, వాళ్ళే పార్టీల్లో పన్ను గురించి గట్టిగా మాట్లాడతారు.

ప్రశ్న: న్యూయార్క్‌లో మా స్కూల్ బడ్జెట్ ఓడిపోతే స్కూల్ మూసేస్తారా? (లాంగ్ ఐలాండ్ పాఠకురాలు)

జవాబు: మూయరు. మే మూడో మంగళవారం ఓటింగ్, ఓడితే జూన్‌లో మళ్ళీ పెట్టొచ్చు, రెండోసారీ ఓడితే కంటింజెన్సీ బడ్జెట్, అంటే పన్ను వసూలు పోయినేడాది కంటే డాలరు కూడా పెంచకూడదు. మామూలు బడ్జెట్‌కి సగం కంటే ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు, 2011 నాటి క్యాప్ దాటాలంటే 60 శాతం కావాలి. మీకు మా న్యూజెర్సీ వాళ్ళకి లేని ఓటు ఉంది, ఆ మంగళవారం క్యాలెండర్‌లో రాసుకోండి.

ప్రశ్న: మా ఇద్దరు పిల్లలూ కాలేజీ కూడా అయిపోయి వెళ్ళిపోయారు. ఇంకా నేనెందుకు కట్టాలి స్కూల్ పన్ను? (ఒక పాఠకుడు)

జవాబు: అన్నయ్యా, మీ పిల్లలు చదివిన పదమూడేళ్ళలో ఏటా ఒక్కో పిల్లాడికి స్కూల్ పెట్టిన ఖర్చు మీరు కట్టిన స్కూల్ పన్ను కంటే ఎక్కువే అయ్యుంటుంది, ఇద్దరు కదా, లెక్క వేసుకోండి, నేను వేస్తే మీకు కోపమొస్తుంది. ఇల్లు అమ్మేటప్పుడు ఎలాగూ తిరిగొస్తుంది అని కొందరంటారు, అందులో కొంత నిజం ఉంది. మాసాచుసెట్స్‌లో స్కూల్ హద్దుకి అటూ ఇటూ ఉన్న ఇళ్ళు పోల్చి శాండ్రా బ్లాక్ అనే ఎకనామిస్టు 1999లో తేల్చింది, టెస్టు స్కోర్లు 5 శాతం ఎక్కువుంటే కొనేవాళ్ళు ఇంటికి సుమారు 2.5 శాతం ఎక్కువ పెడుతున్నారని. అయితే అది స్కోర్ల సంగతి, ఖర్చు సంగతి కాదు, ఎక్కువ ఖర్చు పెట్టిన ప్రతి ఊళ్ళో స్కోర్లు పెరగవు. కట్టడం మానలేరు గానీ ఎలా ఖర్చవుతోందో అడగడానికి మీకున్నంత తీరిక చిన్నపిల్లల తల్లిదండ్రులకి ఉండదు. సాయంత్రం ఏడున్నరకి మీటింగంటే వాళ్ళు పిల్లలకి అన్నం పెడుతుంటారు.

ప్రశ్న: మొదటిసారి బోర్డు మీటింగ్‌లో మాట్లాడాలి, నా ఇంగ్లీషు అంతంత మాత్రం, మైక్ దగ్గర కాళ్ళు వణుకుతాయి. మూడు నిమిషాల్లో ఏం చెప్పమంటారు? (ఒక పాఠకురాలు)

జవాబు: మూడు నిమిషాలూ వాడక్కర్లేదమ్మా, ఒకటిన్నర చాలు. నమస్కారం, పేరు, ఈ ఊళ్ళో ఎన్నేళ్ళుగా ఉంటున్నారు. "టాక్సులు తగ్గించండి" అని మొదలుపెట్టకండి, ఆ మాట వినగానే వాళ్ళ మొహాలు మూసుకుపోతాయి, వందసార్లు విన్నారు. బడ్జెట్ పేజీ నంబర్ చెప్పండి, ఆ లైను చదవండి, పోయినేడాది ఎంత ఈ ఏడాది ఎంత చెప్పండి, ఎందుకు పెరిగిందో వచ్చే మీటింగ్‌లోపు రాసి చెప్తారా అని అడగండి. ఒకటే లైను, రెండోది వద్దు. మైక్ దగ్గరే వాదన పెట్టుకోవద్దు, చాలా బోర్డులు అక్కడికక్కడ జవాబివ్వవు, అది మిమ్మల్ని అవమానించడం కాదు, వాళ్ళ పద్ధతి. మీ ముందు మాట్లాడినాయన ఎంత అరిచినా మీరు మామూలు గొంతుతోనే మాట్లాడండి, అరిచినవాళ్ళ తర్వాత నెమ్మదిగా మాట్లాడినవాళ్ళ మాట గది మొత్తానికి వినపడుతుంది, నేను చాలాసార్లు చూశాను. అడిగింది కాగితం మీద రెండు కాపీలు రాసుకెళ్ళండి, ఒకటి చూసి చదవడానికి, రెండోది బయటికొచ్చేటప్పుడు బోర్డు సెక్రటరీ చేతికివ్వడానికి, మీ ఈమెయిల్ దాని కింద పెద్దక్షరాల్లో రాసి.